ఎడంగా పోవచ్చునా?

జగదల్‌పూర్ నుంచి కొంట దాకా పోయే రోడ్డు మీద ఆ రోజుల్లో బండ్లు ఎక్కువ, మోటార్లు తక్కువ. దూరాన మోటారు చప్పుడు వినపడగానే బండివాళ్ళు కిందికి దూకి, ఎద్దుల కళ్ళకు తువ్వాలు అడ్డం పెట్టి, పగ్గాలు బిగించి పట్టుకుని నిలబడేవాళ్ళు. మోటారు పోయాక దుమ్ము దులుపుకుంటూ ఆ డ్రైవరు తల్లినీ తండ్రినీ తలుచుకునేవాళ్ళు. ఒక్క ఉప్పలయ్య లారీ వస్తే మాత్రం ఎవరూ దిగేవాళ్ళు కాదు. కునుకు పట్టినవాళ్ళు కునుకులోనే ఉండేవాళ్ళు. దోర్నపాల్ సంతలో అతని పేరు తెలియనివాళ్ళు కూడా "ఎద్దులు తల ఎత్తని లారీ" అంటే గుర్తుపట్టేవాళ్ళు.

ఉప్పలయ్యది కొంట పక్కన శబరి ఒడ్డున ఒక చిన్న పల్లె. అక్కడి తెలుగువాళ్ళు కొందరు పొలం మీద, కొందరు బండి మీద బతికేవాళ్ళు. వీళ్ళది బండి ఇల్లు. చింతపండూ కరక్కాయా కిందికి దించడం, ఉప్పు పైకి ఎక్కించడం. ఉప్పలయ్యకు మీసాలు వస్తున్న వయసులో ఒకసారి కరక్కాయ బస్తాలతో వస్తుంటే, వెనక నుంచి ఎవరో దొరగారి కారు బండిని రాసుకున్నంత దగ్గరగా దూసుకుపోయింది. కర్రెద్దు బెదిరి కాడితో సహా పక్కకు ఉరికి గుంటలో పడింది. దాని ముందు కాలు విరిగింది. కారు ఆగలేదు. ఎద్దు పడిందన్న సంగతి అందులోవాళ్ళకు తెలిసి ఉండకపోవచ్చు.

ఆ కారు నడిపినవాణ్ణి ఉప్పలయ్య తరవాత ఎన్నడూ తిట్టలేదు. ఆ మాట వచ్చినప్పుడల్లా, "ఎడం ఇయ్యలె. గంతే" అనేవాడు.

జోడు పోయిన ఎద్దు బండి లాగదు. ఇంకొకటి కొనే స్థోమత ఆ ఇంటికి లేదు. దోర్నపాల్‌లో చింతపండు వ్యాపారం చేసే ఒక సేఠు లారీ కొన్నాడని విని, ఉప్పలయ్య అక్కడికే మకాం మార్చి అందులో క్లీనరుగా చేరాడు. పాత డ్రైవరు దగ్గర పని నేర్చుకున్నాడు. ఆయన ముసలితనంతో మానేశాక చక్రం ఇతని చేతికి వచ్చింది. ఎద్దును కుంటిదాన్ని చేసిన మోటారునే ఎలా ఎక్కావని ఎవరైనా అడిగితే సమాధానం చెప్పేవాడు కాదు. లారీ నడిపే తీరులో మాత్రం బండితోలిన మనిషే కనపడేవాడు.

కుడి, ఎడమ అన్న మాటలు అతనికి అన్నం తినే చేతి దగ్గరే ఆగిపోయేవి. దారి దగ్గరికి వచ్చేసరికి దాపల, వలపల. కాడికి ఎడమ పక్కన కట్టే ఎద్దు దాపటిది, కుడి పక్కన కట్టేది వలపటిది. ఆ లెక్కన లారీలో చక్రం ఉండేది వలపల, క్లీనరు కూర్చునేది దాపల. క్లీనరు పేరు ఉంగ. అక్కడి దొర్ల తెగ మనిషి, ఉప్పలయ్యకన్నా వయసులో పెద్ద, అప్పటికే జుట్టు నెరిసింది.

"అయితే నేను దాపటి ఎద్దునన్నమాట," అన్నాడు ఉంగ ఈ లెక్క మొదటిసారి విన్నప్పుడు.

"అవును ఉంగన్నా."

"మరి ఇద్దరం ఒక్కతీరే లాగుతుంటే గడ్డి నీకెక్కువేందిరా తమ్మీ?"

యుద్ధం వచ్చింది. పెట్రోలు దొరకడం మానేసింది. లారీ వెనక ఒక పెద్ద ఇనుప పొయ్యి బిగించి, బొగ్గు కాల్చి, ఆ పొగతో నడపడం మొదలుపెట్టారు. పొద్దున్నే ఉంగ దాని పిడి తిప్పీ తిప్పీ మసి కొట్టుకుపోయేవాడు. ఆ కాలంలోనే జగదల్‌పూర్ దర్బారు నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. సంస్థానంలో మోటారు నడిపే ప్రతివాడూ పరీక్ష ఇచ్చి లైసెన్సు తీసుకోవాలి. బయటి నుంచి ఒక ఇన్‌స్పెక్టరు సాహెబును పిలిపించారు. ముందు బండి నడిపి చూపించాలి. తరవాత నోటి ప్రశ్నలు. ప్రశ్నకు తిరిగి ప్రశ్న వెయ్యకూడదు. వివరం చెప్పకూడదు, అవునో కాదో, లేదా ఒక్క మాట. అన్నీ అయ్యాక బస్తరు రాజుల ఇలవేల్పు దంతేశ్వరి మాయి పేరు మీద ఒట్టు వెయ్యాలి: నేను చెప్పినట్టే నడుపుతాను అని. ఒకసారి తప్పినవాడికి ఇంకొక అవకాశం ఇస్తారు. రెండోసారీ తప్పితే ఇక చక్రం ముట్టుకోకూడదు.

ప్రశ్నలు మొదట ఇంగ్లీషులో వచ్చాయట. వాటిని హిందీలోకి మార్చారు. హిందీ నుంచి అక్కడి సంతల భాష హల్బీలోకి ఒకరు, దక్షిణం డ్రైవర్ల కోసం తెలుగులోకి ఒకరు రాశారు. తెలుగులో రాసినది అప్పయ్య మున్షీ. రాజమండ్రి వైపు మనిషి. చాలా ఏళ్ళుగా జగదల్‌పూర్‌లో గుమాస్తా. నెమ్మదైనవాడు, మాట కలుపుకుని పోయేవాడు. పని మీద పని వచ్చి పడుతుంటే ఆ కాగితాన్ని ఒక్క మధ్యాహ్నంలో పూర్తి చేశాడు.

ఉప్పలయ్య పరీక్ష రోజు వరండాలో రెండు బల్లలు వేశారు. ఒకదాని వెనక ఇన్‌స్పెక్టరు, పక్కన అప్పయ్య మున్షీ, ఆయన పక్కన కాగితం మీద వేలు పెట్టుకుని పెద్ద గుమాస్తా. ఉప్పలయ్య లారీని వెనక్కి నడిపి రెండు గుంజల మధ్య పెట్టిన తీరు చూసి ఇన్‌స్పెక్టరు అప్పటికే తల ఊపి ఉన్నాడు.

అప్పయ్య మున్షీ మొదటి ప్రశ్న చదివాడు. "నీవు ఏ భాష నెరుగుదువు?"

"తెలుగు."

ఆ ముక్క రాసుకుని, తెలుగు కాగితం తీశాడు. దీపాల గురించి అడిగాడు. ఘాటీ కొండదారి దిగేటప్పుడు బ్రేకు గురించి అడిగాడు. మేకల మంద అడ్డం వస్తే ఆగవలెనా అని అడిగాడు. అన్నిటికీ ఉప్పలయ్య ఒక్కొక్క మాటే చెప్పాడు. అన్నీ సరిపోయాయి.

"ముందు పోవు బండిని దాటునపుడు ఎడంగా పోవచ్చునా?"

ఉప్పలయ్యకు నవ్వొచ్చింది. అన్నిటిలోకీ తేలికైనది ఇదే. "పోవచ్చునా ఏంది మున్షీగారూ. పోవాల్నే."

అప్పయ్య ముఖం వాడిపోయింది. "మళ్ళీ చదువుతాను, విను," అని అదే వాక్యాన్ని అంతే జాగ్రత్తగా చదివాడు.

"పోవాలె," అన్నాడు ఉప్పలయ్య.

"హా యా నా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"హా, సాబ్," అన్నాడు అప్పయ్య లోగొంతుకతో.

ఇన్‌స్పెక్టరు కలం కింద పెట్టాడు. ఆ ప్రశ్న పక్కన ఎర్ర గీత ఉంది. ఎర్ర గీత ప్రశ్న తప్పితే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా తప్పినట్టే. ఆయన హిందీలో అన్న మాట ఉప్పలయ్యకు బాగానే అర్థమైంది. ఇంత చక్కగా నడిపేవాడు ఇలా చెప్పాడేమిటి, ఎవరినో చంపుతాడు, అన్నాడాయన.

తిరుగు దారిలో దర్భా ఘాటీ దిగారు.

"ఎడం ఇయ్యొద్దంటరా ఉంగన్నా సర్కారోళ్ళు?" అన్నాడు ఉప్పలయ్య.

"వాళ్ళకు ఎద్దులు లేవేమోలే," అన్నాడు ఉంగ.

దోర్నపాల్‌లో సేఠు సంగతంతా విన్నాడు. చెడ్డ మనిషి కాదు. "నాకు నీ మీద కోపం లేదు ఉప్పలయ్యా," అన్నాడు. "కానీ రెండోసారి కూడా అంతే అయితే జయపురం నుంచి డ్రైవర్ను తెచ్చుకోవాలి. సరుకు ఆగదు కదా. నువ్వు కావాలంటే క్లీనరుగా ఉండు."

"మరి ఉంగన్న?"

సేఠు లెక్కల పుస్తకం తెరిచాడు.

కొన్నాళ్ళకు అప్పయ్య మున్షీకి కొంట దాటి భద్రాచలంలో ఒక పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చింది. బస్సు చెడిపోయి ఉంది. సేఠు లారీ కిందికి పోతోందని తెలిసి, గొడుగూ సంచీ పట్టుకుని వచ్చి, ఉప్పలయ్యకూ ఉంగకూ నడుమ కూర్చున్నాడు. సుక్మా దాటాక మున్షీయే మాట కదిపాడు.

"నిన్ను చూస్తే మనసు చివుక్కుమంటోందయ్యా. అన్నీ చెప్పి ఆ ఒక్కదాని దగ్గర అలా అన్నావేమిటి?"

"నేనేం తప్పన్ననో అదే తెలుస్తలేదు," అన్నాడు ఉప్పలయ్య.

ముందు వరసగా బండ్లు పోతున్నాయి. అతను చాలా దూరం నుంచే ఒక్కసారి హారను కొట్టి, వేగం తగ్గించి, లారీని కుడివైపుకు జరిపాడు. రెండు చక్రాలు గడ్డిలోకి దిగాయి. పొయ్యి చప్పుడు తప్ప ఇంకే అలికిడీ లేకుండా బండ్ల వరసనంతా దాటి మళ్ళీ దారిలోకి వచ్చాడు. ఎద్దులు తల ఎత్తలేదు. ఒక బండిలో మనిషి పడుకునే చెయ్యి ఊపాడు.

"ఇదిగో, ఇప్పుడు సరిగ్గా చేశావు కదా," అన్నాడు అప్పయ్య. "మరి ఆ రోజు పోవాలి అన్నావే?"

"ఆనాడేమన్ననో గదే చేసిన. ఎడంగా పోయిన."

"ఎడంగా ఎక్కడ పోయావయ్యా? కుడి పక్క నుంచి కదూ పోయావు."

"వలపల నుంచే పోయిన. ఎడంగనే పోయిన. వాళ్ళకూ మనకూ నడుమ ఇంకో బండి పట్టేంత ఎడం ఉంచిన. ఇంకెంత ఉంచాలె?"

అప్పయ్య మెడ సాచి, దాటి వచ్చిన బండ్ల వైపు చూశాడు. అప్పుడు అప్పయ్య నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ పై కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎడం," అన్నాడు. "నేను రాసింది ఎడమ అనయ్యా. ఎడం చెయ్యి అంటాం, ఎడం పక్క అంటాం. కాగితంలో చోటు చాలక పక్క తీసేశాను. ఎడంగా అని మిగిలింది. పొయ్యికి ఎడంగా కూర్చోమని ఇంట్లో పిల్లలతో రోజూ అనేవాణ్ణే, ఆ మాట రాసేటప్పుడు తట్టనే లేదు."

"అంటే దాపల నుంచి పోవచ్చునా అని అడిగిన్రా నన్ను?"

"అదే అడిగాను."

"పోరాదు. దాపల పోతే తోలేటోనికి మనం కనపడం. గంత తెల్వదా నాకు?"

"తెలుసు. అందుకే నవ్వుతున్నాను. వచ్చేసారి నోరు మూసుకుని పోరాదు అను. నీ లైసెన్సు నీకొస్తుంది."

ఉప్పలయ్య నవ్వలేదు. "ప్రశ్న మార్చరాదా మున్షీగారూ?" అన్నాడు.

"దాని మీద ముద్ర పడింది. ముద్ర పడ్డాక అది నా అక్షరం కాదు, దర్బారుది. ఒక్క మకారం చేర్చాలంటే అర్జీ పెట్టాలి, అది పైకి పోవాలి, కిందికి రావాలి. యుద్ధం ముందు అయిపోతుందో అర్జీ ముందు వస్తుందో చెప్పలేను."

"కాగితం అట్లనే ఉంచి, మీరు చదివేటప్పుడు ఎడమ అని చదవరాదా?"

"పక్కన పెద్ద గుమాస్తా వేలు పెట్టుకుని కూర్చోవడం చూశావు కదా. ఇదివరకు పట్వారీల పరీక్షలో ఒకాయన తన బావమరిదికి జవాబు తెలిసేలా ప్రశ్నను రాగం తీసి చదివాడు. అప్పటినుంచీ అక్షరం అక్షరం చూస్తారు."

దోర్నపాల్ చేరేసరికి పొద్దు వాలుతోంది. లారీ సేఠు గోదాము ముందు ఆపి ముగ్గురూ ఉప్పలయ్య ఇంటికి వెళ్ళారు. అతని భార్య సారలమ్మ అంబలి పోసి ఇచ్చింది. ఆమె తల్లి దొర్ల మనిషి, తండ్రి తెలుగు కూలీ. మాట పదునైన మనిషి. జరిగిందంతా విని, గోడకు ఆనుకుని కూర్చున్న భర్త వైపు చూసింది.

"మున్షీగారు చెప్పినట్టు పోరాదు అని అంటే అయిపాయె గదా. నోరేమన్న అరుగుతదా?"

"అనొచ్చు. అన్నంక మాయి పేరు మీద ఒట్టెయ్యాలె, చెప్పినట్టే నడుపుతనని. ఎడంగా పోరాదని నా నోటితోని చెప్పి, చెప్పినట్టే నడుపుతనని ఒట్టేసి, తెల్లారి ఎట్ల నడపాలె నేను? ఎడం ఇస్తే ఒట్టు తప్పిన. ఇయ్యకపోతే ఎద్దు పోయె."

"మాయికి నీ మనసులో ఏముందో తెలియదా ఏమిటయ్యా?" అన్నాడు అప్పయ్య. "ఆ కాగితంలో ఎడం అంటే ఎడమ అని ఆమెకు తెలుసులే."

అంబలి తాగుతున్న ఉంగ తల ఎత్తాడు. "మాయి ఎక్కడినుంచి వచ్చింది పంతులుగారూ?"

"వరంగల్లు నుంచి వచ్చిందంటారు."

"వరంగల్లామెకు ఎడం అంటే ఏందో మీకంటే మాకంటే బాగ ఎరుక," అన్నాడు ఉంగ, మళ్ళీ అంబలి వైపు తిరిగి.

బస్తరులో ఆ కథ తెలియనివాళ్ళు లేరు. రాజు వెంట ఓరుగల్లు నుంచి నడిచి వచ్చిన తల్లి. ఆమెతో రాజమండ్రి తెలుగు మాట్లాడి తప్పించుకోవడం కుదరదని అప్పయ్యకూ అనిపించింది. ఉప్పలయ్య చేతిలో అంబలి అలాగే ఉంది.

"తాగు," అన్నది సారలమ్మ. "చల్లారుతది."

"ఆమెకు తెలుగు అంత మంచిగ ఎరుకైతే తెలుగుల చెప్పకు," అన్నాడు ఉంగ. "హల్బీల చెప్పు. హల్బీల ఈ లొల్లి లేదు. దాపల అంటే దాపలే."

సారలమ్మ నవ్వింది. అప్పయ్య కూడా నవ్వి, మధ్యలో ఆగిపోయాడు.

"మొదటి ప్రశ్న ఏమిటి ఉప్పలయ్యా?"

"ఏ భాష ఎరుగుదువు అని."

"నీ మాతృభాష ఏది అని కాదు కదా. ఇంట్లో ఏ భాష మాట్లాడుతావు అనీ కాదు. అలా అడగాల్సింది. ఏ భాష ఎరుగుదువు అని అడిగితే, ఎరిగినవాటిలో ఏది చెప్పినా తప్పు లేదు. నువ్వు హల్బీ ఎరుగుదువా, ఎరగవా?"

"ప్రతి సంతల మాట్లాడుత."

"ఇంకేమిటి మరి."

"ఆ ప్రశ్న కూడ మీరే రాసిన్రా పంతులుగారూ?" అని అడిగింది సారలమ్మ.

"అదీ నేనే రాశానమ్మా," అని అప్పయ్య గిన్నె ఎత్తి మిగిలిన అంబలి తాగేశాడు.

ఉప్పలయ్య మాత్రం ఇంకా తేలికపడలేదు. "లైసెన్సు మీద భాష అని రాస్తరు గదా. ఏమని రాస్తరు?"

"హల్బీ అని."

లైసెన్సు మీద ఉండేవి నాలుగు ముక్కలు. పేరు, తండ్రి పేరు, ఊరు, భాష. ఉప్పలయ్యకు చదువు రాదు. తన గురించి ఒక కాగితం మీద ఎవరైనా రాయబోవడం అదే మొదటిసారి. అందులో నాలుగో ముక్క తనది కాకుండా పోతుందని అతనికి అనిపించింది. ఆ మాట బయటికి చెప్పడం తెలియక గోడ వంక చూస్తూ కూర్చున్నాడు.

సారలమ్మకు అర్థమైంది. "నువ్వు హల్బోనివైతే మరి నేనెవరి పెండ్లాన్ని?" అన్నది.

"వాడు సంతల హల్బీల మిరపకాయలు బేరం చేసినప్పుడు నువ్వు ఎవరి పెండ్లానివో అప్పుడూ వాని పెండ్లానివే," అన్నాడు ఉంగ.

"నువ్వు మాట్లాడకు ఉంగన్నా. నీకు ఇంకింత అంబలి పొయ్య."

ఉప్పలయ్య అప్పుడు నవ్వాడు. "కాగితమే గదా," అన్నాడు. "నువ్వు తెలుగుల తిడితే సాలు నాకు."

రెండో పరీక్షకు కొంత గడువుంది. ప్రతి సంత రోజునా సరుకు ఎక్కించే పని అయ్యాక ఉప్పలయ్య గంగే దగ్గరికి వెళ్ళి కూర్చునేవాడు. గంగే జగదల్‌పూర్ వైపు నుంచి వచ్చి దోర్నపాల్ సంతలో మిరపకాయలూ వెల్లుల్లీ అమ్ముకునే ముసలమ్మ. హల్బీ తప్ప ఇంకేమీ మాట్లాడదు. లారీ గురించి హల్బీలో చెప్పడానికి అతను తడుముకుంటుంటే ఆమెకు భలే సరదాగా ఉండేది.

"నీ హల్బీ అంతా తక్కెడ దగ్గరే ఉందిరా అబ్బాయ్," అనేది హల్బీలోనే. "ఎంతకిస్తావ్, తగ్గించు, ఇది కుళ్ళింది. ఈ మూడు మాటలతో లారీ నడుపుతావా?"

అతను చేత్తో మలుపు చూపించేవాడు, కాలితో బ్రేకు తొక్కి చూపించేవాడు. ఆమె మాట చెప్పేది. బేరానికి వచ్చినవాళ్ళు నిలబడి తలా ఒక మాట అందించేవాళ్ళు. వాటిలో కొన్ని మాటలు సరైనవి కావనీ, తనను నవ్వులపాలు చెయ్యడానికి చెప్పినవనీ అతనికి తరవాత తెలిసింది. వాటిని ఉంగ మీద వాడుకున్నాడు.

పరీక్ష రోజున వరండాలో అవే బల్లలు. అప్పయ్య మున్షీ తన చోటులో కూర్చుని కలం ముల్లు తుడుచుకుంటున్నాడు. ఉప్పలయ్య వైపు చూడలేదు. తలవంచుకునే మొదటి ప్రశ్న చదివాడు.

"నీవు ఏ భాష నెరుగుదువు?"

"హల్బీ."

పెద్ద గుమాస్తా వేలు ఆగింది. ఇన్‌స్పెక్టరు పాత కాగితం తిప్పి చూశాడు. పోయినసారి తెలుగు అన్నావు కదా, అని హిందీలో అడిగాడు.

"తెలుగు కూడ ఎరుగుదును సాబ్," అన్నాడు ఉప్పలయ్య. "ఏదెరుగుదువని అడిగిన్రు, ఎరిగింది చెప్పిన."

అప్పయ్య ఆ మాటలను హిందీలో చెప్పాడు. ఇన్‌స్పెక్టరు ప్రశ్నను ఒకసారి చూసుకున్నాడు, ఉప్పలయ్యను ఒకసారి చూశాడు. అందులో అభ్యంతరం పెట్టడానికి ఆయనకు ఏమీ కనపడలేదు. అప్పయ్యను లేపి, హల్బీ కాగితం చదివే సోమారును పిలిచాడు.

సోమారు గట్టిగా చదివేవాడు. దీపాలు అయ్యాయి, బ్రేకు అయింది, మేకలు అయ్యాయి. తరవాతి ప్రశ్న దగ్గర ఉప్పలయ్య చిక్కుకున్నాడు. మలుపు దగ్గర కొమ్ముతో ఏం చేస్తావు, అని అడుగుతోంది హల్బీ కాగితం. ఎద్దుకు ఉండే కొమ్ముకు వాడే మాటే. మలుపు దగ్గర ఎద్దు కొమ్ముతో పనేమిటి? తిరిగి అడగకూడదు. ఆలోచించాడు. మోటారుకు కొమ్ములు లేవు. కొమ్ముతో మనుషులు చేసే పని ఏమిటి? జాతరలో అడవిదున్న కొమ్ము ఊదుతారు. ఊదితే దూరానికి వినపడుతుంది. వినపడేది లారీలో ఒక్కటే ఉంది.

"ఊదుత," అన్నాడు హల్బీలో.

సోమారు తల ఊపాడు. ఇన్‌స్పెక్టరు టిక్కు పెట్టాడు. హారను అన్న మాటను హల్బీలోకి మార్చినవాడికి ఆ రోజుల్లో ఇంకేం మాట దొరుకుతుంది? అప్పయ్య ఒక్కడే కాదు, ఆ కాగితాలు రాసిన అందరూ ఒక్కో మధ్యాహ్నమే పనిచేసినట్టున్నారు.

ఎర్ర గీత ప్రశ్న వచ్చింది. ముందు పోయే బండిని ఎడమ చేతి పక్క నుంచి దాటవచ్చా, అని ఉంది హల్బీలో. చెయ్యి ఉంది, పక్క ఉంది. ఎవరూ దాన్ని ఇంకోలా వినలేరు.

"దాటరాదు," అన్నాడు ఉప్పలయ్య.

ఇన్‌స్పెక్టరు మొదటిసారి నవ్వు ముఖం పెట్టాడు. ఇక ఒట్టు మిగిలింది. ఉప్పలయ్య లారీ దగ్గరికి వెళ్ళి, చక్రం మీద కుడి చెయ్యి పెట్టి, సోమారు చెప్పిన మాటలు ఒక్కొక్కటీ పలికాడు. దంతేశ్వరి మాయి సాక్షిగా నేను చెప్పినట్టే నడుపుతాను. అయిపోయింది. కానీ అతను చెయ్యి తియ్యలేదు. పెదవులు ఇంకా కదులుతున్నాయి.

"ఏమంటున్నాడు?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

సోమారుకు తెలుగు రాదు. వరండా మెట్ల మీద నిలబడిన అప్పయ్యకు వినపడింది. "దండం పెట్టుకుంటున్నాడు సాబ్," అన్నాడు ఆయన.

"ఎడంగనే పోత తల్లీ," అంటున్నాడు ఉప్పలయ్య.

లైసెన్సు మీద ముద్ర వేసి ఇచ్చారు. తిరుగు దారిలో ఘాటీ దిగాక మొదటి బండి కనపడింది. ఉంగ దాపల నుంచి తల బయటపెట్టి, "ఇయ్యాల ఏ భాషల దాటుతవు తమ్మీ?" అని అడిగాడు. ఉప్పలయ్య చక్రాలను గడ్డిలోకి దించాడు.

యుద్ధం ముగిసింది. కొన్నాళ్ళకు సంస్థానమూ పోయింది. బొగ్గు పొయ్యి తీసేసి లారీకి మళ్ళీ పెట్రోలు పోశారు. సేఠు చనిపోయాక ఉప్పలయ్య ఒక బస్సు కంపెనీలో చేరి అదే రోడ్డు మీద ముసలివాడయ్యేదాకా నడిపాడు. లైసెన్సు మార్చినప్పుడల్లా పాతదాన్ని చూసి కొత్తదాని మీద రాసేవాళ్ళు. భాష దగ్గర హల్బీ అనే ఉండేది. కొత్తగా వచ్చిన గుమాస్తాలు అది చూసి అతనితో హల్బీలో మాట్లాడేవాళ్ళు. అతనూ హల్బీలోనే బదులిచ్చేవాడు. అప్పటికి అతని హల్బీ తక్కెడ దాటి చాలా దూరం వచ్చింది. అప్పయ్య మున్షీ పనిలోంచి దిగేముందు కొత్త కాగితాలు రాసే అవకాశం ఒకసారి వచ్చిందట. ఆయన ఆ ప్రశ్నలో ఎడంగా కొట్టేసి దాపల అని రాశాడు. అది చూసిన మరో గుమాస్తా ఇది పల్లెటూరి మాట అని దిద్ది, వామపార్శ్వమున అని పెట్టాడు.

ఉప్పలయ్యను చూసినవాళ్ళు ఇప్పుడు ఆ పక్క తక్కువ. మాట మాత్రం ఉంది. దోర్నపాల్ నుంచి కొంట దాకా తెలుగు పల్లెల్లో నాట్ల కాలంలో ఎవరైనా కొత్త కోడలు నారును దూరం దూరంగా నాటుతుంటే, పక్క వరసలో ఆడవాళ్ళు నడుము ఎత్తకుండానే అంటారు:

"ఇదేందే, ఉప్పలయ్య ఎడం ఇచ్చినవు? నడుమ బండి తోలుతవా?"

సారలమ్మ బతికి ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఆమె ముందే అనేవాళ్ళు. ఆమె కోపం తెచ్చుకునేది కాదు. "తోలనియ్యి," అనేది. "ఎద్దులన్న బెదరకుండ ఉంటయి."